చవక మెయింటెనెన్స్ కంపెనీయా, ఖరీదైనదా: ముందు మీ విమానాలు రాత్రిపూట ఏం చేస్తున్నాయో చూడండి

మీరు ఆడుతున్న ఎయిర్‌లైన్ గేమ్‌లో మీ దగ్గర 10 ఏ320 జెట్‌లు, 6 ఏటీఆర్ 72 ప్రొపెల్లర్ విమానాలు ఉన్నాయి, గేమ్ మూడు మెయింటెనెన్స్ కంపెనీల్ని చూపిస్తోంది, గేమ్ డబ్బుల్లో చవకది ఫ్లయింగ్ అవర్‌కి 420, మధ్యది 560, ఖరీదైనది 710. చవక దాంట్లో పెడితే విమానాల కండిషన్ పడిపోతోంది, ఖరీదైన దాంట్లో పెడితే నెలాఖరుకి లాభం కనపడట్లేదు, ఇంతకీ ఏది తీస్కోవాలి అని అడిగారు. ఈ మూడు రేట్లని మాత్రమే పక్కపక్కన పెట్టి చూస్తే సమాధానం దొరకదు, ఎందుకంటే మీరే పెట్టిన వివరాల్లో అసలు సంగతి ఇంకో లైన్లో ఉంది: ఒక గంట ఎగిరితే చవక కంపెనీకి 36 నిమిషాలు విమానం అప్పజెప్పాలి, మధ్యదానికి 24 నిమిషాలు, ఖరీదైనదానికి 15 నిమిషాలే. అంటే మీరు కొంటున్నది మెయింటెనెన్స్ ఒక్కటే కాదు, టైమ్ కూడా. ఆ టైమ్ మీకు నిజంగా పనికొస్తుందా లేదా అన్నదే ప్రశ్న, ఇంక మిగతాదంతా కూడికలు తీసివేతలే.

ముందు ఏ320 సంగతి చూద్దాం. మీ ఫ్లైట్లు సగటున 2 గంటలు, టర్నరౌండ్, అంటే దిగాక మళ్ళీ ఎగరడానికి పట్టే టైమ్, 1 గంట అన్నారు. అంటే ఒక్కో ఫ్లైట్‌కి 3 గంటలు ఎలాగూ పోతాయి, దానిమీద మెయింటెనెన్స్ చవకదైతే 72 నిమిషాలు, మధ్యదైతే 48, ఖరీదైనదైతే 30. మొత్తం కలిపితే ఫ్లైట్‌కి 4.2 గంటలు, 3.8 గంటలు, 3.5 గంటలు. వారానికి ఉన్నది 168 గంటలు కాబట్టి, ఎయిర్‌పోర్ట్ 24 గంటలూ తెరిచి ఉంటుంది అనుకుంటే చవకదాంతో 40 ఫ్లైట్లు, మధ్యదాంతో 44, ఖరీదైనదాంతో 48 వేయొచ్చు. మెయింటెనెన్స్ బిల్లు వారానికి ఒక విమానం మీద వరసగా 33,600, 49,280, 68,160 వస్తుంది. చవక నుంచి మధ్యదానికి వెళ్తే 15,680 ఎక్కువ కట్టి 4 ఫ్లైట్లు కొనుక్కున్నట్టు, అంటే ఒక్కో అదనపు ఫ్లైట్ 3,920 పడింది. మధ్యదాన్నుంచి ఖరీదైనదానికి వెళ్తే ఇంకో 18,880 కట్టి ఇంకో 4 ఫ్లైట్లు, ఒక్కోటి 4,720.

ఇప్పుడు మీ రూట్ రిపోర్ట్ తెరిచి ఒక్కో ఫ్లైట్‌కి ఎంత మిగులుతోందో చూడండి. మిగలడం అంటే టికెట్ ఆదాయంలోంచి ఫ్యూయల్, లాండింగ్ ఫీజు, హ్యాండ్లింగ్, క్రూ ఖర్చు తీసేశాక వచ్చేది, మెయింటెనెన్స్ తీయకుండా, లీజు తీయకుండా. లీజు ఎందుకు తీయకూడదు అంటే విమానం ఎగిరినా నిలబడినా అది కట్టాల్సిందే కదా, ఈ నిర్ణయంతో దానికి సంబంధం లేదు. చాలామంది ఇక్కడ లీజుని కూడా ఫ్లైట్ల మీద పంచేసి, అబ్బే ఈ ఫ్లైట్ నష్టం అనేసి మంచి ఫ్లైట్‌ని కూడా తీసేస్తుంటారు.

మీకు సగటున ఫ్లైట్‌కి 5,200 మిగులుతోంది అన్నారు. 3,920 కంటే ఎక్కువ, 4,720 కంటే కూడా ఎక్కువ, కాబట్టి ఖరీదైన కంపెనీయే బెస్ట్ అనిపిస్తుంది. కాగితం మీద నిజంగానే అలాగే వస్తుంది: మెయింటెనెన్స్ పోను చవకదాంతో వారానికి 1,74,400, మధ్యదాంతో 1,79,520, ఖరీదైనదాంతో 1,81,440. ఐతే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది, అదేంటంటే సగటుని వాడటం. మీ 40 ఫ్లైట్లు ఇప్పటికే మంచి టైముల్లో ఉన్నాయి, పొద్దున 7, సాయంత్రం 6, అలా. కొత్తగా వచ్చే 8 ఫ్లైట్లు ఎక్కడ పడతాయి? రాత్రి 2 గంటలకి, లేకపోతే ఇప్పటికే మీరు నడుపుతున్న రూట్లో ఇంకోటి. రాత్రి 2 గంటల ఫ్లైట్ సగం ఖాళీగా వెళ్తుంది, అదే రూట్లో ఇంకోటి వేస్తే మీ ప్యాసింజర్లనే మీరు లాక్కుంటారు. వాటి మీద 2,500 మిగిలితే గొప్ప అనుకోండి, అప్పుడు 8 ఫ్లైట్లకి 20,000 వస్తుంది, దానికోసం అదనంగా కట్టింది 34,560. వారానికి ఒక్క విమానం మీదే 14,560 చేతులారా పోగొట్టుకున్నట్టు. మీ నెలాఖరు లాభం మాయమైంది ఇక్కడే అని నా అనుమానం, ఎందుకంటే మీ స్క్రీన్‌షాట్‌లో రాత్రి ఫ్లైట్లు చాలానే కనపడుతున్నాయి.

ఇంతవరకు ఎయిర్‌పోర్ట్ 24 గంటలూ ఉంటుందనే లెక్క. మీ మెయిన్ బేస్‌లో మాత్రం రాత్రి 11 నుంచి పొద్దున 6 దాకా కర్ఫ్యూ ఉంది, అంటే ఆ టైమ్‌లో ఫ్లైట్లు ఎక్కడం దిగడం ఉండదు, కాబట్టి అక్కడున్న ఏ320లకి పై లెక్క పనికిరాదు, మళ్ళీ వేయాలి. పగలు 17 గంటలు ఉన్నాయి, అందులో 2 గంటల ఫ్లైట్లు 6, మధ్యలో టర్నరౌండ్లు 5, మొత్తం సరిగ్గా 17 గంటలు. 6 అంటే మూడు రౌండ్ ట్రిప్పులు, విమానం రాత్రికి బేస్‌కి వచ్చేస్తుంది, మెయింటెనెన్స్ బేస్‌లోనే జరిగే గేముల్లో ఇది ముఖ్యం. ఐదు ఫ్లైట్లు వేస్తే విమానం ఎక్కడో బయట పడుకుంటుంది, ఆ రాత్రి మెయింటెనెన్స్ పోయినట్టే.

ఆరు ఫ్లైట్లు వేశాక, ఆఖరి టర్నరౌండ్ కూడా తీసేస్తే, రోజుకి మిగిలేది 6 గంటలు. 12 గంటలు ఎగిరితే ఖరీదైన కంపెనీకి కావాల్సింది 3 గంటలు, మధ్యదానికి 4.8 గంటలు, చవకదానికి 7.2 గంటలు. చూశారా, ఖరీదైనది, మధ్యది రెండూ రాత్రిలో సరిపోతున్నాయి, అంటే రెండిట్లోనూ వారానికి 42 ఫ్లైట్లే. మరి ఖరీదైనదాంట్లో ఎందుకున్నట్టు? ఒక్కో విమానం మీద వారానికి 12,600, పదీ అక్కడే ఉంటే మొత్తం 1,26,000 ఏమీ రాకుండా కడుతున్నారు. విమానం కర్ఫ్యూలో ఎలాగూ నిలబడి ఉంటుంది, పని 3 గంటల్లో ఐపోయిందా 5 గంటల్లో ఐపోయిందా అనేది ఎవరికి కావాలి. బేస్‌లో కర్ఫ్యూ ఉన్నవాళ్ళు ఫాస్ట్ కంపెనీకి డబ్బులు కట్టడం నాకు ఎప్పుడూ అర్థం కాని విషయం, కానీ రేటింగ్ ఎక్కువ చూపిస్తుంది కాబట్టి అందరూ అదే నొక్కుతారు.

ఇక చవకది, మధ్యది మిగిలాయి. చవకదానికి రోజుకి ఇంకా 1.2 గంటలు కావాలి, వారానికి 8.4. ఒక రౌండ్ ట్రిప్ తీసేస్తే ఆ 8.4 గంటలు సరిగ్గా దొరుకుతాయి, 4 గంటల ఫ్లయింగ్, 2 గంటల టర్నరౌండ్, ఆ ఫ్లయింగ్‌కి కావాల్సిన 2.4 గంటల మెయింటెనెన్స్. సో 40 ఫ్లైట్లు. కానీ అలా పెడితే ఖాళీ అనేదే ఉండదు, మెయింటెనెన్స్ రేషియో, అంటే కావాల్సిన టైమ్‌లో మీరు ఇచ్చింది ఎంత శాతం అన్నది, సరిగ్గా 100 శాతం. ఏదో ఒక రోజు డిలే అవుతుంది, రాత్రి కొంత టైమ్ తినేస్తుంది, రేషియో 97కో 96కో పడుతుంది, కండిషన్ కొంచెం తగ్గుతుంది, కండిషన్ తగ్గితే డిలేలు ఇంకా పెరుగుతాయి, అలా మెల్లగా జారిపోతూనే ఉంటుంది. చవక దాంట్లో కండిషన్ పడిపోతోంది అని మీరు రాసింది ఇదే. కంపెనీ పని బాగా చెయ్యక కాదు, మీరు దానికి అడిగినంత టైమ్ ఇవ్వట్లేదు. చవక కంపెనీని తిట్టుకునే చాలామంది విషయంలో ఇదే కథ.

కాబట్టి న్యాయంగా పోల్చాలంటే రెండిటికీ ఒకే ఖాళీ ఉంచి పోల్చాలి. మధ్యదాంట్లో 42 ఫ్లైట్లు వేసినా రోజుకి 1.2 గంటలు, వారానికి 8.4 గంటలు ఖాళీ ఉంటుంది. చవకదాంట్లో అంతే ఖాళీ కావాలంటే ఇంకో రౌండ్ ట్రిప్ తీసేయాలి, 38 ఫ్లైట్లకి రావాలి. 38 ఫ్లైట్ల బిల్లు 31,920, 42 ఫ్లైట్ల బిల్లు 47,040. తేడా 15,120, ఫ్లైట్లు 4, ఒక్కోటి 3,780.

ఈ 3,780 అన్నదే మీకు కావాల్సిన నంబర్. ఒక్కో విమానానికి వారం మొత్తంలో బాగా బలహీనంగా ఉన్న రెండు రౌండ్ ట్రిప్పులు ఏవో వెతకండి, మామూలుగా మంగళవారం, బుధవారం మధ్యాహ్నం ఫ్లైట్లు అలా ఉంటాయి. ఆ నాలుగు ఫ్లైట్లు సగటున 3,780 కంటే ఎక్కువ మిగిలిస్తుంటే ఆ విమానం మధ్య కంపెనీకి, తక్కువైతే చవక కంపెనీకి ఇచ్చి ఆ రెండు ట్రిప్పులు తీసేయండి. మొత్తం ఫ్లీట్‌కి ఒకటే సమాధానం ఉండాలని రూల్ ఏం లేదు. మీ పది ఏ320ల్లో బిజినెస్ రూట్లలో తిరిగే ఆరో ఏడో మధ్యదాంట్లోకి, వీకెండ్ టూరిస్ట్ రూట్లలో తిరిగేవి చవకదాంట్లోకి వెళ్తాయని నా అంచనా, వీకెండ్ రూట్లలో వారం మధ్యలో ఫ్లైట్లు ఎలాగూ ఖాళీగానే పోతాయి కదా.

ఏటీఆర్‌లకి ఇంత తంటా లేదు. గంట ఫ్లైట్లు, అరగంట టర్నరౌండ్, రోజుకి 10 ఫ్లైట్లు వేస్తున్నారు, 14.5 గంటల్లో ఐపోతుంది. ఆఖరి టర్నరౌండ్ పోను ఇంకా 9 గంటలు ఉంటుంది, చవక కంపెనీకి కావాల్సింది 6 గంటలే. మూడు గంటల ఖాళీతో కళ్ళు మూసుకుని చవకదాంట్లో పెట్టేయొచ్చు, మధ్యదాంతో పోలిస్తే ఆరు విమానాల మీద వారానికి 58,800 మిగులుతుంది.

ఐతే చవక కంపెనీయే ఇంకో ప్లాన్ కూడా చూపిస్తోంది అన్నారు చూడండి, గంటకి 300, లాండింగ్‌కి 150 అని, దాన్ని ఏటీఆర్‌లకి మాత్రం నొక్కకండి. గంట ఫ్లైట్ కాబట్టి గంటకి 450 పడుతుంది, మామూలు 420 కంటే ఎక్కువ. అదే ఏ320 ఐతే 2 గంటలకి 750, అంటే గంటకి 375, అక్కడ లాభమే. ఏ320లకి ఆ ప్లాన్ తీస్కుంటే చవక కంపెనీ బిల్లు 28,500కి దిగుతుంది, పైన చెప్పిన 3,780 కాస్తా 4,635 అవుతుంది, అంటే ఇంకో రెండు మూడు విమానాలు చవక వైపు మళ్ళొచ్చు. రిపోర్ట్‌లో ఆ కొత్త నంబర్‌తోనే చూడండి.

లాండింగ్‌కి వేరే చార్జ్ ఏంటి, గేమ్ వాళ్ళు దోచుకుంటున్నారు అని కొందరు గోల పెడతారు గానీ అది నిజజీవితంలోంచి తెచ్చిందే. విమానం ఎన్ని గంటలు ఎగిరింది అన్నదొకటి, ఎన్నిసార్లు ఎక్కి దిగింది అన్నది ఇంకోటి. లాండింగ్ గేర్, ఇంజిన్లో తిరిగే డిస్కులు, ప్రెజర్ పట్టి వదిలే బాడీ, ఇవన్నీ ప్రధానంగా సైకిల్స్ లెక్కన అరుగుతాయి, ఒకసారి ఎక్కి దిగితే ఒక సైకిల్. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737-200కి గాల్లో ఉండగా ముందుభాగం పైకప్పు ఊడిపోయింది, ఒక ఫ్లైట్ అటెండెంట్ చనిపోయారు. ఆ విమానం ఎగిరిన గంటలు 35,496, కానీ సైకిల్స్ 89,680, అంటే సగటున ఫ్లైట్‌కి 24 నిమిషాలు కూడా లేదు. ద్వీపాల మధ్య చిన్నచిన్న హాప్స్, చుట్టూ సముద్రపు గాలి. గంటల్లో చూస్తే పెద్దగా వాడినట్టు అనిపించదు, సైకిల్స్‌లో చూస్తే బాగా అరిగిపోయిన విమానం. కాబట్టి గేమ్‌లో సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఏదైనా కొనేటప్పుడు గంటలతో పాటు సైకిల్స్ కూడా చూపిస్తే రెండూ చూడండి.

విమానాల్ని రెండు కంపెనీల మధ్య పంచమని చెప్పాను కాబట్టి ఒక జాగ్రత్త. కొన్ని గేముల్లో ఒక్కో విమాన రకానికి ఒక ఫిక్స్‌డ్ ఫీజు ఉంటుంది, కొన్నిట్లో ఒకే కంపెనీకి ఎక్కువ విమానాలు ఇస్తే డిస్కౌంట్ ఉంటుంది. మీ గేమ్‌లో ఉందో లేదో కాంట్రాక్ట్ పేజీలో చూడండి, ఉంటే ఆ పోయే డిస్కౌంట్‌ని కూడా పై లెక్కలో కలపండి. ఏ320ల్లో రెండు రకాల ఇంజిన్లు కలిపి కొంటే కూడా కొన్ని గేములు వేరే రకంగా లెక్క కడతాయి, సీఎఫ్ఎం56 ఉన్నవి కొన్ని, వీ2500 ఉన్నవి కొన్ని అని. సెకండ్ హ్యాండ్‌లో ఏది దొరికితే అది కొనేసేవాళ్ళకి ఇది తెలీకుండా తగులుతుంది. నిజంలో కూడా ఇదే బాధ: అమెరికాలో సౌత్‌వెస్ట్ ఎప్పట్నుంచో బోయింగ్ 737ల మీదే నడుస్తున్న ఎయిర్‌లైన్, 2011లో ఎయిర్‌ట్రాన్ అనే ఇంకో ఎయిర్‌లైన్‌ని కొన్నప్పుడు దాంతోపాటు బోయింగ్ 717లు వస్తే వాటిని ఉంచుకోకుండా డెల్టా ఎయిర్‌లైన్స్‌కి లీజుకి ఇచ్చేసింది. మంచి విమానాలే, కానీ ఇంకో రకం స్పేర్ పార్టులు, ఇంకో రకం మెకానిక్‌లు, ఇంకో రకం పైలట్లు అంటే ఆ ఖర్చు ఏ ఒక్క విమానం బిల్లులోనూ కనపడదు, ఫ్లీట్ మొత్తం మీద పడుతుంది. మీ ఏటీఆర్, ఏ320 జోడీ బానే ఉంది, మూడో రకం మాత్రం ఇప్పుడే తేవొద్దు.

పెద్ద చెక్‌ల సంగతి మీరు అడగలేదు కానీ మీ ఫ్లీట్ పేజీ చూస్తే భయమేసింది, పది ఏ320లూ దాదాపు ఒకేసారి కొన్నారు. రోజువారీ మెయింటెనెన్స్ వేరు, సి చెక్ అనే పెద్ద తనిఖీ వేరు. నిజంలో సి చెక్ సుమారు 18 నుంచి 24 నెలలకి ఒకసారి వస్తుంది, విమానం వారమో రెండు వారాలో హ్యాంగర్‌లో ఉంటుంది. దానికంటే పెద్దది, డి చెక్ అంటారు, కొన్నేళ్ళకి ఒకసారి, విమానాన్ని దాదాపు విప్పేసి మళ్ళీ బిగిస్తారు, వారాలు పడుతుంది. మీ గేమ్ వీటిని సిమ్యులేట్ చేస్తుంటే పదిటికీ ఒకే నెలలో సి చెక్ వస్తుంది, అది పీక్ సీజన్‌లో వచ్చిందంటే ఇంతసేపు మనం లెక్కపెట్టి మిగిల్చిందంతా ఆ నెలలో ఊడ్చుకుపోతుంది. ఇప్పట్నుంచే రెండు రెండు విమానాల్ని గడువుకి ముందే పంపడం మొదలుపెట్టండి, డల్ సీజన్‌లో. గడువు ఇంకా ఉండగా చెక్ చేయిస్తే కొంత వేస్టే, నిజమే, కానీ పీక్‌లో పది విమానాలు నేల మీద ఉండటంతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. ఇక్కడ మాత్రం ఖరీదైన ఫాస్ట్ కంపెనీకి అర్థం ఉంది, పెద్ద చెక్ పగలూ రాత్రీ నడుస్తుంది కాబట్టి వాళ్ళు నాలుగు రోజులు ముందు ఇస్తే అవి నాలుగు పూర్తి రోజుల ఫ్లయింగ్. రోజువారీ పని ఒకరికి, పెద్ద చెక్‌లు ఇంకొకరికి ఇవ్వనిస్తే అలాగే చేయండి.

గంటకింత అని ఫిక్స్‌డ్ రేటుతో అన్నీ కవర్ చేసే కాంట్రాక్ట్ కూడా కొన్ని గేముల్లో వస్తుంది, పాడైనప్పుడు పాడైనంత కట్టే దానికి బదులు. ఇంజిన్ల ప్రపంచంలో ఇది పాత ఐడియానే, 1962లో బ్రిస్టల్ సిడ్లీ కంపెనీ వైపర్ ఇంజిన్‌కి ఇలా మొదలుపెట్టింది, తర్వాత రోల్స్ రాయిస్ దాన్ని పెద్ద వ్యాపారంగా మార్చింది. ఇది ఇన్సూరెన్స్ లాంటిది, సగటు మీద మీరు ఎక్కువే కడతారు, దానికి బదులు ఒక్కసారిగా పెద్ద బిల్లు రాదు. మూడు విమానాలు ఉన్నవాడికి ఒక ఇంజిన్ పోతే కంపెనీ మునిగిపోతుంది, కాబట్టి వాడు తీస్కోవాలి. మీకు పదహారు ఉన్నాయి, చేతిలో రెండు మూడు నెలల క్యాష్ ఉందన్నారు, మీకు అవసరం లేదు. పాత విమానాలు కొంటే అప్పుడు మళ్ళీ ఆలోచించండి, వయసు పెరిగేకొద్దీ రిపేర్ బిల్లు పెరుగుతుంది కానీ కాంట్రాక్ట్ రేటు వయసుని బట్టి మారకపోతే ఆ తేడా మీ జేబులోకే.

సొంత హ్యాంగర్ కట్టుకోమని ఎవరో సలహా ఇచ్చారు అన్నారు. పదహారు విమానాలకి వద్దు. హ్యాంగర్ జీతాలు, అద్దె నెలనెలా పోతూనే ఉంటాయి, పని ఉన్నా లేకపోయినా, అందుకే నిజంలో జర్మన్ ఎయిర్‌లైన్ లుఫ్తాన్సా మెయింటెనెన్స్ కంపెనీ లుఫ్తాన్సా టెక్నిక్ లాంటివి సొంత ఎయిర్‌లైన్ విమానాలతో ఆగకుండా బయటి ఎయిర్‌లైన్ల పని కూడా తీస్కుంటాయి. మీ గేమ్‌లో బయటి పని తీస్కోడానికి ఆప్షన్ లేకపోతే ఇంక ఆ మాట వదిలేయండి.

మార్చేటప్పుడు వరస ఇలా పెట్టండి. ముందు కండిషన్ బాగా పడిపోయిన ఏ320లు ఏవో చూసి వాటిని ఒక రెండు వారాలు ఖరీదైన కంపెనీలోనే ఉంచి, రోజుకి రెండు ఫ్లైట్లు తగ్గించి పైకి తీసుకురండి, పడిపోయిన కండిషన్‌తో చవకదానికి మార్చితే ఎప్పటికీ కోలుకోవు. ఏటీఆర్‌లని ఈ రోజే మార్చేయండి, ఆగాల్సిన పనిలేదు. ఏ320ల కాంట్రాక్ట్‌లో నోటీస్ పీరియడ్ ఉందేమో చూస్కోండి, ఉంటే ఆ లోపు షెడ్యూల్‌లోంచి రాత్రి ఫ్లైట్లు తీసేసి, మారిన మొదటి రెండు వారాలు రేషియోని రోజూ చూడండి. 105 కిందకి వస్తే ఇంకో రౌండ్ ట్రిప్ తీసేయండి.